కొల్లేటి పాటలు

సప్తస్వరములలో నడిమిదైన మధ్యమమును క్రౌంచపక్షి కూతనుండి గ్రహించిరని మన సంగీతశాస్త్రములు చెప్పుచున్నవి. నెమలికి షడ్జమును, కోకిలకు పంచమమును, ఏనుగునకు నిషాదమును పంచిపెట్టిన శాస్త్రకారుడు, నడిమి స్వరమునొద్దకు వచ్చుసరికి నీటి యొడ్డున నిలుచు కొంగజాతి పక్షిని తలచుకొనెను. ఆదికవి కథయు అట్టిదే. తమసాతీరమున క్రౌంచమిథునము కంటబడకున్నచో తొలిశ్లోకము పుట్టెడిది కాదని మేము బాల్యమునందే చదువుకొంటిమి. అయితే ఆ సర్గలోనే మరియొక చిన్నమాట గలదు. స్నానమునకు పోయిన మహర్షి ఆ రేవును జూచి, ఇది బురద లేని రేవని శిష్యునితో మెచ్చుకొనెను. కవిత్వము పుట్టుటకు పక్షి కావలెను, నీరు కావలెను, బురద మాత్రము పనికిరాదు కాబోలు! మేము బురదరేవుల వారము. కొల్లేటి యంచున పుట్టి, అచ్చటనే యిరువదియేండ్లుగా పిల్లలకు పాఠములు చెప్పుకొనుచున్న వారము. ఆ బురదకును పాటకును గల చుట్టరికమును గూర్చి మేము కన్నదియు విన్నదియు చదువరులకు విన్నవింపదలచితిమి.

కొల్లేరు కృష్ణా గోదావరుల నడుమ పళ్ళెమువలె పల్లముగా నున్న మంచినీటి సరస్సు. బుడమేరు, తమ్మిలేరు మొదలగు ఏరులు వచ్చి దీనిలో పడును. మిగులునీటిని సముద్రమునకు కొనిపోవునది ఉప్పుటేరు. వానకాలమున సరస్సు పొంగి పొలముల మీదికి వచ్చును. వేసవిలో ముడుచుకొని, నిన్న చేపలున్న చోట నేడు పశువులు మేయును. కనుక మా ప్రాంతమున నేల యిది, నీరు అది యని గీత గీచి చెప్పుట కష్టము. చరిత్రలో దీని పేరు చిన్నది కాదు. రెండవ పులకేశి విజయములను పొగడు 634వ సంవత్సరపు ఐహోళె శాసనములో చెప్పబడిన కునాల జలము కొల్లేరే యని పండితులు పలువురు తలచిరి. దండి దశకుమారచరిత్రమున ఆంధ్రనగరము చెంత వర్ణింపబడిన సరస్సు గూడ ఇదియే యని కొందరందురు.

దండి మాట వచ్చినది గనుక ఒక చిత్రము చెప్పి ముందునకు పోయెదము. ఆ కథ చెప్పు మంత్రగుప్తునకు పెదవి గాయపడి యుండెను. అందుచేత కథ యంతయు ఓష్ఠ్యాక్షరములు లేకుండ, అనగా ప, బ, మ వంటి పెదవులు కలియు వర్ణములు రాకుండ చెప్పెను. పండితులు దానిని కవి చేసిన గారడిగా మెచ్చుకొందురు. ఆ గారడిని మా పడవవాండ్రు దినదినమును చేయుచున్నారు. హైలెస్సా యను కేకను చూడుడు. అందు పెదవులు కలియు అక్షర మొక్కటియు లేదు. ఏలేలో యనునదియు నట్టిదే. తుదనున్న ఓకారమునకు పెదవులు గుండ్రమగునే గాని మూతపడవు. గడకర్రను నేలకు పోటుపెట్టి త్రోయునపుడు ఊపిరి హకారముతో బయటికి వచ్చును, లకారముతో సాగును, సకారముతో సన్నగిలి తీరును. నడుమ పెదవులు మూతపడినచో ఊపిరి ఆగును. ఊపిరి ఆగినచో గడ జారును. శిక్షాశాస్త్రము చదువని మనుష్యుడు వర్ణముల స్థానములను ఇంత చక్కగా ఎన్నుకొనెనన్నచో, ఆ ఎన్నిక చేసినది వాని తెలివి మాత్రమే కాదనియు, వాని కాలిక్రింది నీరు గూడ అందు పాలుపంచుకొన్నదనియు మాకు తోచుచున్నది.

మా తొలి యుద్యోగము ఒక లంకగ్రామపు బడిలో. అప్పటికి దానికి బాట లేదు. తాటిమ్రానును తొలిచి చేసిన దోనెలో పోవుచుండెడివారము. ఒక్కొక్కప్పుడు రెండు దోనెలను జతగట్టి దాటించెడివారు. దానికి సంగడి యని పేరు. ఏకకాష్ఠములను జోడించి కట్టిన సంగర యను ఓడలు ఈ తీరమున కలవని క్రీస్తుశకము తొలిశతాబ్దమున గ్రీకునావికు డొకడు వ్రాసియుంచెను. ఆ మాటకును మన సంగడికిని బంధుత్వము కలదని పండితులందురు. స్నేహితుని మనము సంగడీడనుట గూడ తలచుకొనదగినది. లోతులేని చోట పడవవాడు నిలువబడి గడవేయును. ఒక పోటు పొడిచిన వెనుక దోనె తనంత తాను కొంతదూరము జారును; అంతవరకు వానికి చేతిపని లేదు. అందుచే వాని పాటలో మొదట ఒక విసురు, తరువాత పొడవైన రాగపుతోక యుండును. లోతునీటికి వచ్చి గడ అందని క్షణమున వాడు కూర్చుండి తెడ్డు పుచ్చుకొనును. వెంటనే రాగపుతోక తెగిపోవును. చిన్న చిన్న ముక్కలు సమముగా పడుచుండును. మేము పుస్తకము చదువుకొనుచు తల యెత్తకయే, పాటను బట్టి లోతు తెలిసికొనెడివారము. పాట మరల సాగినదా, లంక దగ్గరపడినదన్నమాట. నేడా లంకకు బాట పడినది. పిల్లలకును రోగులకును అది మిక్కిలి మేలు చేసినది. దోనె పోయినందులకు మేము కన్నీరు కార్చువారము కాము.

ఇక పొలములలోని పాట. కాటన్ దొర పూనికతో ధవళేశ్వరమున 1852 నాటికి ఆనకట్ట పూర్తియయ్యెను. బెజవాడ ఆనకట్ట 1855లో ముగిసెను. కాలువలు వచ్చిన వెనుక ఈ పల్లపునేల యంతయు వరిచేలయ్యెను. ఆ నేలను నడుములు వంచి నాటినవారు స్త్రీలు, అందును విశేషముగా దళితవాడల స్త్రీలు. దమ్ము చేసిన మడిలో పిక్కలలోతు బురద. ఎడమచేత నారుకట్ట, కుడిచేత నాటుట; రెండు చేతులకును పని కలదు గనుక వాద్యము పట్టుటకు వీలులేదు. నడుము వంగియున్నది గనుక ఊపిరి పొట్టిది, పాటపాదమును పొట్టిదే. మొదటి యామె ఒక పాదము ఎత్తుకొని ఆపును. తక్కినవారు దానిని అందుకొని పాడుచుండగా ఆమె ఊపిరి తీసికొనును. ఇద్దరును వెనుకకే నడచుచుందురు. బురదనుండి కాలు ఊడదీయుటకు ఒక లిప్త పట్టును. పాటలో సరిగా అచ్చట ఒక ఖాళీ యుండును. ఆ ఖాళీని మేము చిరకాలము విని, అది తాళములో ఏ అంగమని ఆలోచించుచుంటిమి. ఒకనాడు మడిలోనికి దిగి నాలుగు మూరలు నాటిన వెనుక, తాళశాస్త్రము తిరుగవేయ నక్కరలేకపోయెను.

అచ్చు పుస్తకములలో ఆ ఖాళీ కనబడదు. పాల్కురికి సోమనాథుడు పండితారాధ్యచరిత్రమున తుమ్మెదపదములు, వెన్నెలపదములు మొదలగు జానపదుల పాటల పేర్లను చెప్పియుంచెను. బిరుదురాజు రామరాజుగారు 1958లో ప్రకటించిన తెలుగు జానపదగేయసాహిత్యము మనకు గర్వకారణమైన గ్రంథము. అయినను అచ్చు మాటలనే మోయగలదు. కాలు బురదనుండి వచ్చిన చప్పుడును మోయలేదు.

గాలిలోని తేమ గూడ మా ప్రాంతపు పాటకు గురువే. ముసురు పట్టినపుడు డప్పుమీది తోలు సడలి మూగవోవును. గడ్డిమంట వేసి, ఆ సెగకు త్రిప్పి త్రిప్పి కాచి, వ్రేలితో మీటి చూచి మరల కాచుదురు. జాతరలలో డప్పునకు నడుమ నడుమ విరామము వచ్చుట వాయించువారి అలసటచేతనే కాదు. తోలునకు అగ్ని కావలెను. పెండ్లిపందిట మ్రోగు నాగస్వరమునే చూడుడు. ఆ పెద్ద కొయ్యగొట్టమునకు ప్రాణము నోట బెట్టుకొను చిన్నపీక. అది కావేరి యొడ్డున పెరుగు నాణలను రెల్లుజాతి గడ్డితో చేయబడును. మడిబట్టలతో పీటలమీద కూర్చుండి మనము వినునట్టి మంగళధ్వని చిత్తడినేల గడ్డిపుల్లనుండి వచ్చుచున్నది! కరవదిలో 1924లో జన్మించిన షేక్ చినమౌలానాగారు తుదకు ఆ కావేరి నడుమనున్న శ్రీరంగమునకే పోయి స్థిరపడి, రంగనాథుని కొలువులో ఊది, 1999లో పరమపదించిరి. గడ్డికి కులము లేదు, మతము లేదు. ఊదు పెదవికి ఉన్నదని వాదించువారు ఆయన నాగస్వరమును విన్నవారు కారు.

నీరు పాటను దిద్దుట ఇంతవరకు చెప్పితిమి. పాట నీటిని దిద్దుట కలదా? కలదు. దానికి మా కొల్లేటికంటె స్పష్టమైన తార్కాణము మలయాళదేశమున మాకు కానవచ్చినది. వేంబనాటి సరస్సును మా కొల్లేరును 2002వ సంవత్సరమున ఒక్కదినముననే రామ్సర్ ఒడంబడిక పట్టికలో చేర్చిరి. ఆ తోబుట్టువును చూడవలెనని ఒక వేసవి సెలవులలో తోడి యుపాధ్యాయులతో అలెప్పీ పోయితిమి. అచ్చటి కుట్టనాడు సముద్రమట్టమునకంటె పల్లముననున్న వరినేల. గట్టుపైన సరస్సు, గట్టుక్రింద పొలము. పడవ మన తలకంటె ఎత్తున పోవుచుండును! ఆ పొలములలోని నీటిని తోడి సరస్సులో పోయుటకు, యంత్రములు రాకమునుపు, కొయ్యరేకుల చక్రములుండెడివి. పులయలు మొదలగు కూలీలు వరుసగా కూర్చుండి వానిని కాళ్ళతో త్రొక్కెడివారు. రేయింబవళ్ళు త్రొక్కవలెను, ఒక కాలు వెనుకబడినచో అందరి కాళ్ళును తడబడును. ఆ కాళ్ళను కలిపినది చక్రపు పాట. పాట ఆగినచో చక్రమాగును. చక్రమాగినచో గట్టులోపలికి ఊట చేరును. ఇట్లు అచ్చటి నేల కొంత పాటచేత నిలిచినదన్న అతిశయోక్తి కాదు. 2013లో ఐక్యరాజ్యసమితి ఆహారసంస్థవారు ఆ వ్యవసాయమును ప్రపంచపు వారసత్వముగా గుర్తించిరి. త్రొక్కిన కాళ్ళు ఎవరివో, పండిన ధాన్య మెవరి గాదెలకు పోయెనో ఆ దేశపు నవలాకారుడు తగళి శివశంకర పిళ్ళగారు రెండిడంగళి యను నవలలో 1948లోనే వ్రాసిరి.

ఆ దేశముననే పడవపాట పండితుల యింటికి గూడ వచ్చినది. పదునెనిమిదవ శతాబ్దమున రామపురత్తు వారియర్ కుచేలోపాఖ్యానమును వంచిపాటగా వ్రాసెను. వంచి యనగా పడవ. మన గోదావరిమీది పడవపాట వాటమున కుచేలోపాఖ్యానము వ్రాయుటకు మన పండితు డెవ్వడును పూనుకొనకపోవుట మాకు వింతగా నున్నది. మనకు కందములును సీసములును చాలెను కాబోలు. ఆరన్ముళలో పంపానదిమీద భక్తితో తీరికగా పాడు పాటకును, 1952లో నెహ్రూగారు చూచిన నాటినుండి ఆయన పేర జరుగుచున్న పున్నమడ పందెములోని పరుగునకును గల భేదమును గూడ అచ్చటివారు మాకు చెప్పిరి. పందెమున గెలువవలెనన్న తొందర తెడ్డును తరుముచుండగా పాట కుదించుకొని కేకయగుచున్నది.

ఇక మా యూరికి మరలి వత్తుము. కొన్నియేండ్ల క్రిందట మా బడి వార్షికోత్సవమున ఊడ్పుల పాటలు పాడింపవలెనని నిర్వాహకసంఘము వారు తీర్మానించిరి. మా యూరి దళితవాడనుండి ఎనమండుగురు స్త్రీలు వచ్చిరి. వారిలో పాట యెత్తు నామె ఐదు పదులు దాటినది. ఆమె కుమార్తె మా తొమ్మిదవ తరగతి విద్యార్థిని. ఆమె మైకు ముందు నిలువబడి ఒక పాదము పాడి ఆగెను. మరల ఎత్తుకొనెను, ఈమారు వేగము హెచ్చెను, వెనుకవారు అందుకొనలేకపోయిరి. ముందువరుసలోని పెద్దలు జాలిగా నవ్విరి. అప్పు డామె చెంగు దోపుకొని నడుము వంచెను. మైకు తలపైన ఎక్కడనో ఉండిపోయెను. తక్కిన ఏడుగురును వంగిరి. లేని నారు చేత పట్టుకొని, లేని బురదలో కాలు ఊడదీయుచు వెనుకకు నడువసాగిరి. పాట తనంత తాను వచ్చెను. మైకు లేకయే సభ చివరివరకు వినబడెను. ఒక్కటే చిక్కు వచ్చినది. వేదిక లోతు పదునాలుగడుగులు. పాట సగమైనను కాకమునుపే వారి మడమలు వెనుకతెరకు తగిలెను. వారు నవ్వుచు నిలువబడిరి. పాటయు అచ్చటనే నిలిచెను.

మరునాడు మేము వారి వాడకు పోయి, ఆ పాటలను మా బడి బాలికలకు నేర్పుమని ఆమెను కోరితిమి. ఆమె మర్యాదగనే వినెను. కుమార్తె లోపల లెక్కలు చేసికొనుచుండెను. “పాటొస్తే పనీ వస్తదండి మేస్టారూ. దానికి మాత్రం నేర్పకండి,” అని ఆమె బదులు చెప్పెను.

ఆ మాటకు ఉత్తరము మా సంస్కృతములో లేదు, ఇంగ్లీషులో లేదు. మా మిత్రులలో ఇద్దరున్నారు. ఒకరు ఈ పాటలు అంతరించుచున్నవని పత్రికలకు లేఖలు వ్రాయుదురు. ఆయన యింటి స్త్రీలలో ఒక్కరును మడిలో కాలు పెట్టియుండలేదు. మరియొకరు, పూర్వపు సంస్కర్తలలో కొందరివలె, ఇవి మొరటుపాటలనియు, పోవుటయే మేలనియు అందురు. ఆయన పంచభక్ష్యములకు ఆ మడి బియ్యమే. మేము ఈ యిద్దరి నడుమ కూర్చుండి కాఫీ త్రాగుచుందుము. మా మట్టుకు మేము ఆమె మాటనే పాటించితిమి. బాలిక పాట నేర్వలేదు. ఆమె యిప్పుడు ఏలూరిలో నర్సు చదువు చదువుచున్నది. నడుమునొప్పి లేని వయసు ఆమెకు తల్లి కొనిపెట్టిన ఆస్తి. ఆ పాటను మోయుటకు ఆ యింటి బిడ్డయే యెందుకు మరల వంగవలెను? పాట నిజముగా దేశపు సొత్తైనచో దాని కూలి గూడ దేశమే చెల్లింపవలెను గదా! ఇంతవరకు దానిని ఊడ్పుకూలిలోనే కలిపి, ఉచితముగా పుచ్చుకొంటిమి.

ఆమె భయపడినంత దూరము పని యుండునో లేదో గూడ సందేహమే. మా చేలలో ఇప్పుడు కొందరు విత్తులు వెదజల్లుచున్నారు. కొందరు నాట్లయంత్రమును తెచ్చుచున్నారు. మొన్నటి సార్వాకు వంగదేశమునుండి కూలీలు వచ్చిరి. వారు మగవారు. వారి మాట మాకు తెలియదు. వారు నాటుచు పాడిన రెండు మూడు పాటల యర్థమును తెలియదు. గట్టున నిలిచి వింటిమి. కాలు ఊడదీయు చోట ఆ ఖాళీ వారి పాటలోను ఉన్నది. మా యూరి ముసలివా డొకడు, “వీళ్ళకీ బురద తెలుసండోయ్,” అని మెచ్చుకొనెను.

సరస్సు సంగతి చెప్పకున్న లోపమగును. 1970 తరువాత కొల్లేటిలో చేపలచెరువులు త్రవ్వుట మొదలై, పోనుపోను సరస్సు గళ్ళబట్టవలె చతురములుగా చీలిపోయెను. 1999లో 308 చదరపు కిలోమీటర్ల మేర అభయారణ్యముగా ప్రకటించిరి. 2006లో ప్రభుత్వము వారు గట్లు పగులగొట్టించిరి. చెరువులు పలుచోట్ల మరల వెలసినవి. ఆ గట్లమీద బ్రతుకువారును మా విద్యార్థుల తల్లిదండ్రులే. వారిని తిట్టుట సులభము, వారి పిల్లలకు ఫీజులు కట్టుట కష్టము. చెరువులో గడ లేదు, లంక లేదు, ఒక తీరుగా లోతు. కనుక అచ్చట గడపాట పుట్టుటకు తావులేదు. వలలాగు కేక మాత్రము సరస్సునుండి చెరువునకు దిగివచ్చినది. ఇరువదిమంది పెద్దవలను ఈడ్చునపుడు దానికి బదులు మరియొకటి ఇంకను ఎవరికిని దొరకలేదు. మంచుపెట్టెల లారీ గట్టుమీద గర్జించుచుండగనే ఆ కేక వినబడును.

గూడబాతులు ఆటపాకకు ఏటేట వచ్చుచునే యున్నవి. పొలమునకు నీరు తోడు బుట్టకు మా వైపున గూడ యని పేరు. ఇద్దరు చెరియొక వైపున నిలిచి త్రాళ్ళతో దానిని ఊపుచు తోడుదురు. ఆ పక్షి ముక్కుక్రింది సంచిని చూచిన యే రైతో దానికా పేరు పెట్టియుండునని మాకు తోచును. ఈ సంగతి చెప్పినపుడు మా తరగతిలో గూడను చూచిన పిల్లవాడు ఒక్కడును లేడు. పక్షిని అందరును చూచిరి. నాటినుండి వారిచేత ఒక పుస్తకము వ్రాయించుచున్నాము. పాటలు కాదు, పాటలలో వచ్చు పేర్లు మాత్రమే: చేపల పేర్లు, గడ్డుల పేర్లు, పిట్టల పేర్లు, కాలువల పేర్లు, పనిముట్ల పేర్లు. ఇంటిలో అమ్మమ్మలను అడిగి వ్రాసికొని వత్తురు. నర్సు చదువుచున్న మా పూర్వవిద్యార్థిని గూడ సెలవులకు వచ్చినపుడు తల్లి నడిగి పదునొకండు పేర్లు తెచ్చియిచ్చినది. అందు ఒక గడ్డికి లంకలో ఒక పేరు, గట్టున ఒక పేరు, మా వాడలో మరియొక పేరు ఉన్నవి. ఏది ముందు వ్రాయవలెనన్న తగవు పిల్లలలో ఇంకను తేలలేదు.